లోడ్ బ్యాలెన్సర్ వెనుక మెయిల్ సర్వర్లు: బట్వాడా వైఫల్యాల పరిశోధన

లోడ్ బ్యాలెన్సర్ వెనుక పనిచేసే మెయిల్ సర్వర్ల నుంచి బయటికి వెళ్లే మెయిళ్లు ఆలస్యం కావడం, తిరిగి రావడం, ఎక్కడో ఆగిపోవడం బట్వాడా వైఫల్యాల కిందికి వస్తాయి. సర్వర్ ఒక్కటే అయితే తప్పు సాధారణంగా ప్రతిసారీ ఒకేలా కనిపిస్తుంది. నాలుగు సర్వర్లు, అంటే నోడ్లు, ఉన్నచోట అలా కాదు. కాసేపటి క్రితం వెళ్లిన చిరునామాకే ఇప్పుడు మెయిల్ వెళ్లదు, మళ్లీ పంపితే వెళ్లిపోతుంది. ఇలా ఉండి ఉండి తప్పే బట్వాడాలో మొదట అనుమానించాల్సింది నోడ్ల మధ్య తేడానే.

లోడ్ బ్యాలెన్సర్ 25, 465, 587 పోర్టులకు వచ్చే కనెక్షన్లను నోడ్లకు పంచుతుంది. బయటికి వెళ్లే మెయిల్ దారి వేరు. నోడే గ్రహీత డొమైన్ ఎంఎక్స్ రికార్డును వెతికి, అవతలి సర్వర్ 25వ పోర్టుకు నేరుగా కనెక్ట్ అవుతుంది. ఆ దారిలో సాధారణంగా లోడ్ బ్యాలెన్సర్ ఉండదు. కాబట్టి అవతలివారికి కనిపించేది నోడ్ సొంత ఐపీ, లేదా నాట్ గేట్‌వే ఐపీ. డీఎన్ఎస్ రికార్డులన్నీ లోడ్ బ్యాలెన్సర్ ఐపీ పేరిటే రాసి ఊరుకోవడం చాలా చిక్కులకు మూలం.

పరిశోధన లాగ్‌తో మొదలవుతుంది. మామూలుగా ప్రతి నోడ్‌కూ సొంత క్యూ, సొంత లాగ్ ఉంటాయి. ఒక నోడ్‌లో వెతికి, కనిపించలేదని మెయిల్ రానే లేదనుకోవడం తరచూ జరిగే పొరపాటు. లాగ్‌లన్నిటినీ ఒకచోటికి చేర్చి మెసేజ్ ఐడీతో వెతకడం మేలు. మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్ అయితే దాని లాగ్ వరుసలో ఏ సర్వర్‌కు కనెక్ట్ అయిందీ, ఎంత ఆలస్యమైందీ, అవతలి సర్వర్ ఏమని జవాబిచ్చిందీ ఉంటాయి. 1982 నాటి ఎస్ఎంటీపీ ప్రమాణం ప్రకారం 4తో మొదలయ్యే కోడ్ తాత్కాలిక నిరాకరణ, 5తో మొదలయ్యేది శాశ్వత నిరాకరణ. కోడే లేకుండా కనెక్షన్ టైమవుట్ అయితే ఫైర్‌వాల్‌నూ రూటింగ్‌నూ చూడాలి. అమెజాన్ ఈసీ2 సర్వర్ల నుంచి 25వ పోర్టు మొదట మూసే ఉంటుంది, అడిగితే తెరుస్తారు. అయితే ఏ పబ్లిక్ ఐపీతో మెయిల్ బయటికి వెళ్లిందో పోస్ట్‌ఫిక్స్ లాగ్ చెప్పదు. అందుకు ప్రతి నోడ్ నుంచీ బయటి మెయిల్‌బాక్స్‌కు ఒక పరీక్ష మెయిల్ పంపి, అక్కడ రిసీవ్డ్ హెడర్ చదవాలి.

అలా తేలిన ప్రతి ఐపీకీ రివర్స్ డీఎన్ఎస్ పేరు ఉండాలి, ఆ పేరు తిరిగి అదే ఐపీని చూపాలి. ఉదాహరణకు 203.0.113.10 నుంచి 203.0.113.12 వరకు పేర్లుండి, 203.0.113.13కు లేకపోతే నాలుగో నోడ్ మెయిళ్లే తిరస్కరణకు గురవుతాయి. ఐపీవీ6 ఉన్న నోడ్ దాని మీదుగా వెళ్లి, అక్కడ రివర్స్ పేరు లేక దెబ్బతినడమూ ఇలాంటిదే. ఎస్‌పీఎఫ్ రికార్డులో ఆ ఐపీలన్నీ ఉండాలి. రికార్డును తేల్చడానికి పదికి మించి డీఎన్ఎస్ ప్రశ్నలు అవసరమైతే ఎస్‌పీఎఫ్ తనిఖీయే విఫలమవుతుంది. డీకిమ్ కీని డీఎన్ఎస్‌లో మార్చినప్పుడు ఒక నోడ్‌లో పాతదే మిగిలిపోతే ఆ నోడ్ సంతకాలు చెల్లవు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది.

గ్రేలిస్టింగ్ తెచ్చే చిక్కు ప్రత్యేకమైనది. పంపిన ఐపీ, పంపినవారు, గ్రహీత అనే మూడింటి కలయికను మొదటిసారి చూసినప్పుడు అవతలి సర్వర్ తాత్కాలికంగా నిరాకరిస్తుంది. కొంత వ్యవధి తర్వాత అదే కలయిక మళ్లీ వస్తే లోనికి రానిస్తుంది. నాట్ గేట్‌వే ప్రతి ప్రయత్నానికీ తన గుంపులోంచి వేరే ఐపీ వాడితే అవతలి సర్వర్‌కు ప్రతిసారీ కొత్త కలయికే కనిపిస్తుంది. మెయిల్ గంటల తరబడి క్యూలో నలుగుతుంది. పోస్ట్‌ఫిక్స్ సహజ అమరికలో ఇలా 5 రోజులు ప్రయత్నించి, ఆ తర్వాత పంపినవారికే తిప్పికొడుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు లోపలికి వచ్చే దారిలో ఉంటుంది. లోడ్ బ్యాలెన్సర్ అసలు ఐపీని దాచి తన ఐపీతో నోడ్‌కు కనెక్ట్ అయితే, వచ్చే ప్రతి కనెక్షనూ సొంత నెట్‌వర్క్ నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఆ ఐపీ నమ్మదగిన జాబితాలో ఉంటే సర్వర్ ఎవరి మెయిల్‌నైనా బయటికి పంపే ఓపెన్ రిలేగా మారుతుంది. స్పామ్ పంపేవారు దాన్ని త్వరలోనే కనిపెడతారు, ఐపీ బ్లాక్‌లిస్టులకు ఎక్కుతుంది, సక్రమమైన మెయిళ్లూ ఆగిపోతాయి. ఈ లోపం సరిచేయకుండా బ్లాక్‌లిస్టు నుంచి తొలగించమని అర్జీ పెట్టుకోవడం వృథా. ప్రాక్సీ ప్రోటోకాల్‌తో అసలు ఐపీని నోడ్‌కు అందించడం దీనికి మందు, పోస్ట్‌ఫిక్స్ 2.10 నుంచి దీన్ని అర్థం చేసుకుంటుంది.

బయటికి వెళ్లే మెయిల్ అంతటినీ ఒకే రిలే ద్వారానో, ప్రతి నోడ్‌కూ స్థిరంగా కేటాయించిన ఐపీతోనో పంపితే పైన చెప్పిన తేడాలను కనిపెట్టడం తేలికవుతుంది. తప్పున్న నోడ్‌ను లోడ్ బ్యాలెన్సర్ నుంచి తీసేస్తే కొత్త మెయిళ్లు రావడం ఆగుతుందే గానీ, దాని క్యూలో ఉన్నవి అదే తప్పుతో వెళ్లే ప్రయత్నం చేస్తూనే ఉంటాయి. అందుకే ఆ క్యూను హోల్డ్‌లో పెట్టి మరమ్మతు చేయాలి. తర్వాత వేల మెయిళ్లను ఒక్కసారిగా వదిలితే పెద్ద మెయిల్ సంస్థలు 421 కోడ్‌తో వేగానికి కళ్లెం వేస్తాయి కాబట్టి, విడతలవారీగా వదలాలి.