కిన్సాయి సరస్సు, మోటుపల్లి శాసనం

కాకతీయుల మాట రాగానే మనవాళ్ళు మార్కోపోలోను సాక్షిగా పిలుస్తారు. ఉస్మానియా గ్రంథాలయంలో ఆయన యాత్రావృత్తాంతం చదివి, తార్నాకకు నడిచివస్తూ నేను ఆ సాక్షినే విచారించాను.

చైనాలోని కిన్సాయికి, అంటే నేటి హాంగ్‌చౌ నగరానికి, 12,000 వంతెనలన్నాడు. అతిశయోక్తే! కాని సరస్సు నడుమ రెండు దీవులు, వాటిపై మేడలు, పౌరుల పెళ్ళివిందులకు అక్కడే సిద్ధంగా ఉంచిన పాత్రలు - ఇవి కళ్ళారా చూసినవాని మాటలు. మన మోటుపల్లికి వచ్చేసరికి, లోయలోకి మాంసం విసిరితే గద్దలు వజ్రాలు తెచ్చే కథ! రుద్రమదేవి రాజుగారి భార్యట. శాసనాలలో ఆమె గణపతిదేవుని కూతురు. సాలెగూడు వంటి సన్నని వస్త్రాలను మాత్రం నమ్ముతాను.

మోటుపల్లిలో 1244 నాటి అభయశాసనం ఉంది. ఓడ పగిలితే పూర్వరాజులు సరుకంతా లాగుకొనేవారనీ, తాను సుంకం తప్ప మరేదీ ముట్టననీ గణపతిదేవుడు అందులో చెప్పాడు. ఆ సుంకాల పట్టికలో చీనికర్పూరం ఉంది.