రాయి కొండ దిగిపోయింది

మా బడిలో సింధు నాగరికత పాఠం చెబుతున్న రోజు అది. మొహంజొదారోలో దొరికిన హారం బొమ్మ పిల్లలకి చూపించాం. ఆకుపచ్చ రాతిపూసలు, వాటి మధ్య బంగారు బిళ్లలు, కింద వరుసగా అగేటు, జాస్పర్ రాళ్లు. ఆ కింది రాళ్లని బంగారు తీగతో వేలాడగట్టారు. 1947లో దేశం రెండైనప్పుడు ఈ హారాన్ని కూడా రెండు ముక్కలు చేసి పంచుకున్నారు. మన వంతు ముక్క ఢిల్లీ జాతీయ మ్యూజియంలో ఉంది. ఆ సంగతి వినగానే పిల్లలు ఆశ్చర్యపోతారనుకున్నాం. వెనక వరుసలో కూర్చున్న ఒక పిల్ల మాత్రం "ఆ రాళ్లు తవ్విందెవరు మాస్టారూ?" అని అడిగింది.

పాఠంలో దానికి జవాబు లేదు. ఆ పిల్ల ఎందుకు అడిగిందో మాకు తెలుసు. వాళ్ల నాన్న రంగురాళ్ల గోతిలోకి దిగినవాడే. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

చిన్న రాయి నగలో చేరాలంటే మూడు రకాల చేతులు పనిచేయాలి. తవ్వే చెయ్యి, సానబెట్టి చిల్లు పొడిచే చెయ్యి, తీగతో కట్టే చెయ్యి. రాయి ఎంత చిన్నదైతే పని అంత కష్టం. రెండు మూడు మిల్లీమీటర్ల పూసకి చిల్లు అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. అందులో దూరే తీగ వెంట్రుక కంటే కొంచెమే లావు. అలాంటి తీగ కోసం కంసాలి కమ్మెచ్చు పెట్టుకుంటాడు. కమ్మెచ్చు అంటే పెద్ద చిల్లు నుంచి చిన్న చిల్లు దాకా వరుసగా ఉన్న ఇనుప పలక. తీగని ఒక్కో చిల్లులోంచి లాగుతూ సన్నం చేస్తాడు. దాన్ని పూసలో దూర్చి, పైన ఉంగరంలా వంచి, మెడ దగ్గర రెండు మూడు చుట్లు చుట్టి, కొన నొక్కేస్తాడు. చిల్లు లేని రాయికైతే తీగనే గూడులా అల్లి అందులో కూర్చోబెడతాడు. చుట్టు వదులైతే రాయి జారిపోతుంది, బిగువు మించితే తీగ తెగుతుంది.

చిల్లు పొడవడం ఇంకా పెద్ద పని. హరప్పా కాలంలో కార్నీలియన్ అనే ఎర్ర రాయికి చిల్లు పొడవడానికి ప్రత్యేకమైన గట్టి రాతితో బరమా మొనలు చేసేవాళ్లు. ఆ మొనతో గంటసేపు తిప్పితే దిగేది రెండున్నర మిల్లీమీటర్లేనని పరిశోధకులు ప్రయోగం చేసి చెప్పారు. చన్హుదారోలోనూ, గుజరాత్‌లోని లోథాల్‌లోనూ పూసలు చేసిన చోట్లు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ పూసలు సముద్రం దాటి ఇరాక్‌లోని ఊర్ రాజసమాధుల దాకా వెళ్లాయి. రాణి మెడలో పూస దొరికింది, పూస చేసిన కొట్టు దొరికింది. రాయి తవ్వినవాళ్ల సంగతి మాత్రం చరిత్ర పుస్తకంలో ఒక వాక్యం కూడా లేదు.

అయితే దగ్గరి కాలంలో ఆ పని చేసినవాళ్లెవరో తెలుసు. గుజరాత్‌లో భరూచ్ జిల్లా రతన్‌పూర్ దగ్గర అగేటు గోతులున్నాయి. తరతరాలుగా వాటిలోకి దిగి తవ్వినవాళ్లు భిల్లులు, మనలాంటి ఆదివాసులు. ఇరుకు గోతిలోకి దిగి, గులకరాళ్లు ఏరి, పైకి పంపేవాళ్లు. రాళ్లని ఎండబెట్టి, కుండల్లో పెట్టి నిప్పుల్లో కాలిస్తే పసుపు రాయి ఎర్రబడుతుంది. అక్కడి నుంచి రాయి ఖంభాత్ ఊరికి పోతుంది. చెక్కడం, సాన, చిల్లు అన్నీ అక్కడే. దేశమంతటా పేరున్నది ఖంభాత్ పూసకి. భిల్లు గోతికి పేరు లేదు. ఖంభాత్‌లో సానపట్టే కూలీలకి కూడా మిగిలింది రాతిదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బే.

ఇప్పుడు మన కొండలకి వద్దాం. మనవాళ్లకి తీగ పని తెలియనిది కాదు. గదబ ఆడవాళ్లు ఇత్తడి తీగని చుట్లు చుట్లుగా చుట్టి, భుజాల దాకా వేలాడే కమ్మలు పెట్టుకునేవాళ్లని థర్‌స్టన్ అనే ఇంగ్లీషు అధికారి 1909లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఒక్కో కమ్మకి ఇరవై ముప్పై చుట్లు ఉండేవట. ఆ కమ్మలో ఉన్నదంతా తీగే, రాయి లేదు. మన అమ్మమ్మల మెడల్లోని పూసలు కూడా సంతలో కొన్న గాజుపూసలే. కాళ్ల కింద కొండలో మాత్రం రాయి ఉంది. నర్సీపట్నం పైన కరకలో, చింతపల్లి అడవుల్లో దొరికే అలెగ్జాండ్రైట్ పగటి వెలుగులో పచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనిపిస్తుంది. పిల్లికన్నులా మెరిసే వైడూర్యం కూడా ఆ జాతిదే.

ఆ సంగతి బయటి వ్యాపారులకి తెలిశాక కొండలకి కన్నాలు పడ్డాయి. రాత్రిపూట, టార్చి వెలుగులో, ఆసరా కర్రలు కూడా లేని సొరంగాల్లోకి మన కుర్రాళ్లు పాకుతూ వెళ్లారు. రాయి దొరికితే దాని విలువ తవ్వినవాడికి తెలియదు. కొన్నవాడు చెప్పిందే ధర. రాయి కొండ దిగి, పట్నం చేరి, సాన తిరిగి, సన్నని తీగలో కూర్చున్నాక దాని అసలు ధర ఎంతో మన ఊళ్లో ఎవరూ చూసింది లేదు. పోలీసులు వస్తే కేసు పడేది మాత్రం పలుగు పట్టినవాడి మీదే.

చట్టాలు లేక కాదు. 1970లో వచ్చిన 1/70 చట్టం మన భూమి ఇతరుల చేతికి పోకూడదంది. అనంతగిరి వైపు గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వకూడదంది. ఆదివాసులూ వాళ్ల సహకార సంఘాలూ తవ్వుకోవచ్చంది. అలా సంఘం పెట్టుకుని, రాయి గుర్తించడం, సానపట్టడం, తీగ చుట్టడం మన పిల్లలే నేర్చుకుంటే ఆ మూడు చేతులూ మనవే అవుతాయి. దొంగచాటు సొరంగంలో ప్రాణం పెట్టే అవసరం తప్పుతుంది. కానీ ఆ తీర్పు గురించి మన ఊళ్లలో ఎందరికి చెప్పాం? ఈ తప్పు బడిపంతుళ్లమైన మాది కూడా.

ఆ పిల్ల ప్రశ్న తర్వాత మా బడిలో ఒక నోటుపుస్తకం పెట్టాం. మన చుట్టుపక్కల గోతులు ఎక్కడున్నాయి, ఎప్పుడు తవ్వారు, ఎవరు దిగారు అని పిల్లలు ఇళ్లలో అడిగి రాస్తున్నారు. పక్క ఊళ్లో మట్టి విరిగిపడి చనిపోయిన కుర్రాడి ఇంటికి మేమే వెళ్లాం. వాళ్లమ్మ అంతా చెప్పింది. వాడు ఏ పూట వెళ్లాడో, ఏం తిని వెళ్లాడో కూడా చెప్పింది. చివరికి మాత్రం "పేరు రాయకు బాబూ, మళ్లీ పోలీసులొస్తారు" అంది.

మొహంజొదారో రాయి తవ్వినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఈ కుర్రాడి పేరు మాకు తెలుసు. అయినా నోటుపుస్తకంలో ఆ గీత ఖాళీగానే ఉంచాం. ఆ తల్లి రాయమన్న రోజున రాస్తాం.