నీంద్ తప్పిన దిమాగ్: ఇబ్నె సీనా నుంచి యాంటీబాడీల దాకా ఒక బీమారీ తారీఖ్



మన ఇళ్లలో ఇరవై ఏళ్ల ఆడపిల్ల వారం రోజులుగా రాత్రిళ్లు కన్ను మూయడం లేదనుకోండి. తనలో తాను మాట్లాడుకుంటోంది. ఎవరో పిలుస్తున్నారంటోంది. నోరు, చేతులు వింతగా కదుపుతోంది. మొహల్లాలో మొదట వినపడే మాట ఏమిటో మీకు తెలుసు. "సాయా పడింది", "జిన్ అసర్", "ఎవరో జాదూ చేశారు." ఆ తర్వాత ఆమిల్ సాబ్, తావీజ్, దమ్ చేసిన నీళ్లు, దర్గాలో నలభై రోజులు. ఆస్పత్రి వంతు అన్నిటికంటే ఆఖర్న వస్తుంది.

ఎవరి అఖీదానూ మజాక్ చేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఇలాంటి లక్షణాల వెనుక ఒక్కోసారి ఉండే అసలు బీమారీ ఒకటుంది. దాని పేరు ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్. మన ఒంటిని కాపాడాల్సిన ఫౌజే పొరబడి మన దిమాగ్ మీద దాడి చేయడం. దీని తారీఖ్‌ను నేను నీంద్ అనే ఒక్క దారం పట్టుకుని చెబుతాను. ఎందుకంటే ఈ జబ్బు చాలామందిలో మొట్టమొదట నిద్రనే తాకుతుంది. ఆ తారీఖ్ మొదటి పేజీలు మనవాళ్లు రాసినవే.

ఇబ్నె సీనా 980లో బుఖారా దగ్గర పుట్టి 1037లో హమదాన్‌లో వఫాత్ అయ్యారు. ఆయన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' ఐదు భాగాల గ్రంథం. అందులో మూడో భాగం తల నుంచి మొదలుపెట్టి ఒక్కో అవయవం జబ్బులనూ వివరిస్తుంది. దిమాగ్ వాపును హకీములు సర్సామ్ అన్నారు. జ్వరంతో, పిచ్చి మాటలతో, నిద్ర లేకుండా చేసేది ఒక రకం. మనిషిని మొద్దు మత్తులోకి తోసేది ఇంకో రకం. నిద్ర పట్టకపోవడానికి సహర్ అని, లేపినా లేవలేని మత్తుకు సుబాత్ అని పేర్లు పెట్టారు. ఖురాన్‌లో సూరా నబాలో నిద్రను విశ్రాంతిగా చెప్పిన చోట వచ్చేది కూడా ఈ సుబాత్ పదమే. ఇక మూడో పేరు చూడండి, సుబాతె సహరీ. మత్తూ, మెలకువా రెండూ ఒకే రోగిలో కలిసి ఉండే హాలత్. కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం అక్కడ ఉండడు. ఈ జబ్బులో రోగిని చూసినవాళ్లకు ఈ పేరు ఎంత సరిగ్గా సరిపోతుందో అర్థమవుతుంది.

ఇదే ఖానూన్‌లో మాలిఖోలియా గురించి రాస్తూ ఇబ్నె సీనా ఒక ముఖ్యమైన మాట అన్నారు. దాని సారాంశం ఇది. కొందరు తబీబులు ఈ జబ్బు జిన్ వల్ల వస్తుందంటారు. తిబ్ నేర్చుకునేటప్పుడు మాకు దానితో పని లేదు. జిన్ వల్ల అయినా కాకపోయినా, ఒంట్లో మిజాజ్ మారడం వల్లనే కదా జబ్బు కనబడుతోంది, మేము ఇలాజ్ చేసేది దానికే. జిన్నాత్ ఉన్నాయా లేవా అన్న బహస్‌లోకి ఆయన దిగలేదు. తబీబ్ పని ఎక్కడ మొదలవుతుందో అక్కడ గీత గీశారు. వెయ్యేళ్ల కిందట గీసిన ఆ గీతను ఈనాడు మనమే మరిచిపోతున్నాం.

ఖానూన్ పన్నెండో శతాబ్దంలో తోలెదోలో లాటిన్ భాషలోకి వెళ్లి యూరప్ చదువుల్లో వందల ఏళ్లు నిలిచింది. చార్మినార్ దగ్గర నిజామియా తిబ్బీ కాలేజీలో చదివే యునానీ తాలీం కూడా ఆ వారసత్వానిదే.

ఇక ఆధునిక తారీఖ్. 1890లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు డాక్టర్ ఒగుస్తాన్ మోర్వాన్ ఒక వింత జబ్బును వర్ణించారు. కండరాలు లోలోపల అదురుతుంటాయి, ఒళ్లంతా చెమట, రోగికి నిద్ర అసలే పట్టదు. 1974లో ఫ్రెంచ్ నిద్రా శాస్త్రవేత్త మిషెల్ జూవే, ఆయన సహచరులు ఇలాంటి రోగి ఒకరి గురించి రాశారు. నాలుగు నెలల పాటు అతనికి నిద్ర దాదాపు లేనే లేదు. ఈ మోర్వాన్ జబ్బులో నరాల మీది పొటాషియం దారులకు సంబంధించిన ప్రొటీన్లపై రోగి సొంత యాంటీబాడీలే దాడి చేస్తాయని ఈ శతాబ్దం మొదట్లో తేలింది. నిద్ర తీసుకెళ్లిన దొంగ ఇంట్లోవాడేనన్నమాట.

1917లో వియన్నా నగరం మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో ఉంది. అక్కడి మానసిక వైద్యశాలలో కాన్‌స్టాంటిన్ వాన్ ఎకనమో అనే డాక్టర్ పనిచేసేవారు. గ్రీకు ఖాందాన్ మనిషి, విమానాలు నడపడంలో కూడా పేరున్నవారు. ఆయన దగ్గరికి వింత రోగులు రాసాగారు. తింటూ తింటూ నిద్రలోకి జారిపోయేవారు. లేపితే లేచి సరిగ్గా జవాబు చెప్పి మళ్లీ నిద్రపోయేవారు. కొందరిది దీనికి పూర్తిగా ఉల్టా, రాత్రంతా నిద్ర లేకుండా కాళ్లూ చేతులూ ఆడిస్తూ ఉండేవారు. పిల్లల్లో పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఆ జబ్బుకు ఆయన ఎన్‌సెఫలైటిస్ లెథార్జికా అని పేరు పెట్టారు. ఆ తర్వాత పదేళ్లలో అది ప్రపంచమంతా పాకి, ఎలా వచ్చిందో అలాగే మాయమైంది.

చనిపోయినవారి మెదళ్లను వాన్ ఎకనమో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. హైపోథలామస్ అనే చిన్న భాగంలో ముందువైపు దెబ్బతిన్నవారికి నిద్ర పట్టలేదు. వెనకవైపు, మధ్య మెదడుతో కలిసే చోట దెబ్బతిన్నవారు మత్తులో మునిగారు. అంటే దిమాగ్‌లో నిద్రపుచ్చే చోటు ఒకటి, మేలుకొలిపే చోటు ఇంకొకటి ఉన్నాయి. నిద్ర అంటే దిమాగ్ అలిసి ఆగిపోవడమే అనుకునే కాలంలో ఆయన ఈ మాట అన్నారు. తర్వాతి పరిశోధనలు ఆయన చూపిన చోట్లనే ఖాయం చేశాయి. మెలకువను నిలబెట్టే ఒరెక్సిన్ అనే రసాయనం 1998లో హైపోథలామస్‌లోనే దొరికింది.

ఆ మహమ్మారి నుంచి బతికినవారిలో చాలామంది ఏళ్ల తరబడి బొమ్మల్లా కదలకుండా ఉండిపోయారు. 1969లో న్యూయార్క్‌లో ఆలివర్ సాక్స్ అలాంటివారికి ఎల్ డోపా అనే మందు ఇస్తే కొందరు కొన్నాళ్లు మేలుకున్నారు కూడా. ఆ జబ్బుకు అసలు కారణం మీద బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. 2009లో డాక్టర్లు ఈ కాలంలో అలాంటి లక్షణాలే ఉన్న పిల్లలను పరీక్షించారు. ఆపకుండా కదలికలు ఉన్న పిల్లల్లో సగం మందికి ఒక యాంటీబాడీ దొరికింది. ఆ యాంటీబాడీ కథే ఈ తారీఖ్‌లో మలుపు.

2007లో, అప్పట్లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఉన్న స్పెయిన్ డాక్టర్ జోసెప్ దాల్మౌ ఆ యాంటీబాడీని గుర్తించారు. మెదడు కణాల మీద ఎన్ఎమ్‌డీఏ రిసెప్టర్లు అనే తలుపులు ఉంటాయి. జ్ఞాపకం, ఆలోచన వాటి గుండానే నడుస్తాయి. ఈ యాంటీబాడీ ఆ తలుపులను కణం లోపలికి లాగేస్తుంది. మరుసటి ఏడాది ఆయన బృందం 100 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వారిలో 91 మంది స్త్రీలు. మూడొంతులకు పైగా మొదట మానసిక లక్షణాలతో వచ్చినవారే. చాలామంది యువతుల్లో అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంది. దాని మీద లేచిన ఫౌజే దిమాగ్‌ను కూడా దుష్మన్ అనుకుంది.

ఈ జబ్బులో నిద్ర రెండు మజిలీల్లో చెడుతుంది. మొదట్లో నిద్ర రాదు. రోజుల తరబడి జాగరణ, దానితో పాటు భయాలు, భ్రమలు. కోలుకునే కాలంలో సీన్ ఉల్టా. రోగి అతిగా నిద్రపోతాడు, అతిగా తింటాడు. ఇంట్లోవాళ్లు బద్ధకమనో, మందుల మత్తనో అనుకుంటారు. దిమాగ్ ఇంకా మరమ్మత్తులో ఉందనడానికి అది నిషానీ. ఇదే కుటుంబానికి చెందిన ఇంకో జబ్బును 2014లో బార్సిలోనా డాక్టర్లు కనుక్కున్నారు. దాని యాంటీబాడీ పేరు ఐజీలాన్5. అందులో రోగి నిద్రలోనే చేతులాడిస్తూ, గొంతు బిగిసిన శబ్దంతో శ్వాస తీస్తాడు. పక్కన పడుకున్న భార్యో భర్తో చెబితే తప్ప డాక్టరుకు తెలిసే దారి లేదు.

2009లో న్యూయార్క్‌లో సుసానా కహలాన్ అనే 24 ఏళ్ల జర్నలిస్టును డాక్టర్లు రకరకాల జబ్బుల పేర్లతో పిలిచారు. ఆఖరికి సిరియా నుంచి వచ్చిన డాక్టర్ సుహైల్ నజ్జార్ ఆమెకు కాగితం ఇచ్చి గడియారం గీయమన్నారు. ఆమె అంకెలన్నీ కుడివైపే వేసింది. దిమాగ్ ఒక పక్క వాచిందని ఆయనకు అర్థమైంది. ఇలాజ్ జరిగింది, ఆమె కోలుకుని తన కథను పుస్తకంగా రాసింది.

ఈ తారీఖ్ అంతా మీ ముందు పెట్టడానికి వజహ్ ఉంది. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ ఎన్ఎమ్‌డీఏ జబ్బు రోగుల్లో రెండేళ్లకు 81 శాతం మంది తమ పనులు తాము చేసుకునేంతగా కోలుకున్నారు. ఇలాజ్ త్వరగా మొదలైనవారే ఎక్కువ బాగుపడ్డారు. స్టెరాయిడ్లు, ఇమ్యూనోగ్లోబ్యులిన్, ప్లాస్మా మార్పిడి, గడ్డ ఉంటే ఆపరేషన్. దర్గాలో గడిపే నలభై రోజుల ఖరీదు ఎంతో ఇప్పుడు లెక్క వేసుకోండి.

మన ఇళ్లలో రెండు భయాలు దారికి అడ్డం వస్తాయి. వెన్నులో సూది గుచ్చి నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్నది ఒకటి. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన, అందుకే ఆ భయం అక్కర్లేదు. యాంటీబాడీ కచ్చితంగా దొరికేది ఆ నీటిలోనే. ఎంఆర్ఐ మామూలుగా ఉన్నా జబ్బు ఉండొచ్చు. రెండో భయం రిష్తా. "పాగల్ అని పేరు పడితే నికాహ్ ఎలా?" అని దాచిపెడతారు. దాచితే జబ్బు ముదురుతుంది, పిల్ల మిగలదు.

నిద్ర పట్టని ప్రతివారికీ ఈ బీమారీ ఉన్నట్టు కాదు, ఇది అరుదైనదే. కానీ నిన్నటిదాకా బాగున్న మనిషికి కొద్ది రోజుల్లోనే నిద్ర పోయి, మాట మారి, ఫిట్స్ గానీ వింత కదలికలు గానీ తోడైతే ఆలస్యం చేయకండి. న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఎన్ని గంటలు పడుకుంటున్నారు, రాత్రి ఏం చేస్తున్నారు అన్నది ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. దవా చేయించుకోమని మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు. దువా ఎలాగూ ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని చేయొచ్చు.

అల్లాహ్ ప్రతి బీమార్‌కూ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.