నీళ్లు తగ్గుతూ పోయే దారి

వెనక గంట మోగుతోంది. తిరిగి చూడక్కర్లేదు, గుర్రమే. కొండ అడుగున బయల్దేరినప్పటి నుంచీ ఆ నాషీ తెగ ఆసామి గుర్రాన్ని పట్టుకుని నా వెంటే వస్తున్నాడు. బేరం పెట్టడు, తొందరపెట్టడు. నేను ఆగితే తనూ ఆగి, రాయి మీద కూర్చుని సిగరెట్ ముట్టిస్తాడు. ముందున్నవి ఇరవై ఎనిమిది మలుపులు, ఊపిరాడనివ్వని ఎక్కుడు. సంచి పట్టీలు భుజాలు కోస్తుంటే ఎవరో ఒకరు చేతులెత్తేస్తారని, అప్పుడు సంచీ మనిషీ కలిసి గుర్రమెక్కుతారని అతని అనుభవం. సగం మలుపులు దాటాక నా నడక చూసి, చెయ్యి ఊపి కిందికి మళ్లాడు. ఇంకో బృందం వస్తోంది కాబోలు.

చైనా నైరుతి మూలన యున్నాన్ రాష్ట్రం ఇది. పులి దూకిన లోయ అంటారు ఈ చోటుని. ఆఖరి మలుపు తిరిగేసరికి ఎదురుగా జేడ్ డ్రాగన్ మంచుకొండ, 5,596 మీటర్లు. నేను నిలబడ్డ వైపు హాబా కొండ, 5,396. రెంటి నడుమ, తొంగిచూస్తే కాళ్లు వణికే లోతులో జిన్షా నది. యాంగ్‌ట్సీకి ఎగువన ఉన్న పేరది. టిబెట్ పీఠభూమి మీంచి దిగివచ్చిన అంతటి నదీ ఈ ఇరుకులో ఒక చోట ముప్పై మీటర్ల వెడల్పుకు నలిగిపోతుంది. ఇంత పైనున్నా ఆ హోరు పక్కటెముకల్లో తెలుస్తోంది.

దారి పొడుగునా పాదాల పక్కనే ఒక నల్లటి పైపు. పై ఊటల నుంచి సత్రాలకు నీళ్లు మోసుకుపోతోంది. అక్కడక్కడా అతుకు వదిలి చిమ్ముతోంది. ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ నీళ్లకేం కొదవ? ఇంకాస్త ముందుకు పోతే జలపాతమే దారికి అడ్డంగా పడుతుంది. బూట్లు తడుపుకునే దాటాలి. చీకటి పడేలోపు చేరుకున్న సత్రంలో, మొక్కజొన్న పొత్తులు పచ్చగా వేలాడే చూరు కింద, ఒక అవ్వ నా వీపు మీంచి సంచి తనే దించింది. దించి, ఫ్లాస్కులోంచి మరిగిన నీళ్లు గ్లాసులో పోసి చేతికిచ్చింది. ఈ దేశంలో అతిథికి మొదట ఇచ్చేది అదే. వేసవైనా సరే, వేడినీళ్లే.

ఇక్కడి నుంచి ఉత్తరానికి, ఆపైన పడమరకి వెళ్లాలి. వరి మడుల నుంచి ఇసుక దాకా, నెలల తరబడి. ఈ దేశంలో బుల్లెట్ రైళ్ల పట్టాలు నలభై ఐదు వేల కిలోమీటర్లు దాటాయి. వాటిలో కూర్చుంటే సొరంగానికీ సొరంగానికీ మధ్య దేశం రెప్పపాటు కనిపించి మాయమవుతుంది. నెలలు చేతిలో ఉన్నవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం. ఆకుపచ్చ రంగు పెట్టెల పాత బండ్లు ఇంకా నడుస్తున్నాయి. అవి ఎక్కండి.

వాటిలో బాగా నెమ్మదైనది ఒకటి, లియాంగ్‌షాన్ కొండల్లో పంజీహువాకీ పూష్యోంగ్‌కీ మధ్య 5633, 5634 నంబర్లతో అటూ ఇటూ తిరిగే బండి. ఇప్పుడు అందులోనే ఉన్నాను. 1970లో పూర్తయిన చెంగ్డూ-కున్మింగ్ లైను ఇది. కొండల్ని తొలిచి నాలుగు వందలకు పైగా సొరంగాలు వేశారు. ప్రతి చిన్న స్టేషన్లోనూ బండి ఆగుతుంది. ఆగినప్పుడల్లా తలపాగాల యీ తెగ స్త్రీలు వెదురు గంపలతో ఎక్కుతారు. గంపలో కోళ్లు, బస్తాలో బంగాళాదుంపలు. వెనక పెట్టెలో సీట్లు తీసేసి పశువులకు చోటిచ్చారు. మేకలు, పందులు అక్కడ ప్రయాణిస్తాయి. అతి తక్కువ టికెట్ రెండు యువాన్లు, ఈ చివర నుంచి ఆ చివరకి పాతిక యువాన్ల చిల్లర. దశాబ్దాలుగా ధర పెంచలేదు. పెంచితే ఈ కొండల్లో సంతకు పోయే తోవ మూసుకుపోతుందని రైల్వేవాళ్లకి తెలుసు. లాభం చూసుకోకుండా ఒక రైలుని ఇన్నేళ్లు నడపడం పెద్ద పని. ఆ మాట ఇక్కడ చెప్పి తీరాలి.

నా ఎదుటి బల్ల మీద ఒక పిల్ల లెక్కలు చేసుకుంటోంది. వారమంతా బడి హాస్టల్లో ఉండి ఇంటికి పోతోందట. సొరంగం రాగానే పెన్సిల్ ఆపుతుంది, వెలుతురు రాగానే ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెడుతుంది. పక్కనున్న వాళ్లమ్మ ఉడకబెట్టిన దుంప ఒకటి పొట్టు తీసి, ఉప్పూ కారం అద్ది, మాటా పలుకూ లేకుండా నా ముందు పెట్టింది. భాష మాకు కలవదు. దుంప మాత్రం మా ఊరి కట్టెల పొయ్యి మీద ఉడికినట్టే పొగవాసనేస్తోంది.

చెంగ్డూలో వీసా పొడిగింపు కాగితాల కోసం ఆగాను. పోలీసు శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుంటే పాస్‌పోర్టు పని దినాల లెక్కన చేతికి తిరిగొస్తుంది. అప్పటిదాకా పీపుల్స్ పార్కు టీ కొట్టులో వెదురు కుర్చీ. మూతగిన్నెలో టీ ఆకు ఒకసారే వేస్తారు, వేడినీళ్లు మాత్రం పొద్దుగూకేదాకా పోస్తూనే ఉంటారు.

షియాన్‌లో నేను చూడదలుచుకున్నది ఒక్కటే. మట్టిబొమ్మల సైనికుల కోసం ఊరంతా బస్సులెక్కుతుంటే నేను దక్షిణాన ఉన్న దయాన్ పగోడాకి నడిచాను. బౌద్ధ భిక్షువు హుయాన్ త్సాంగ్ మన దేశం నుంచి మోసుకొచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి 652లో కట్టిన ఇటుక గోపురం. మొత్తం 657 గ్రంథాలు. ఎదుట ఆయన నిలువెత్తు విగ్రహం. తెలుగువాణ్ణి కాబట్టి ఆయన పాదాల దగ్గర నాకు వేరే లెక్క ఉంది. ఆయన మన ధాన్యకటకం చూశాడు. తూర్పు కొండ మీద పూర్వశైల, పడమటి కొండ మీద అవరశైల ఆరామాలు ఉన్నాయని, అప్పటికే పాడుబడ్డాయని రాశాడు. అక్కడే సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలుండి మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడని ఆయన జీవితచరిత్ర రాసిన శిష్యుడు హుయిలీ చెబుతాడు. కృష్ణ ఒడ్డున నీళ్లు తాగిన మనిషి. ఆయన నడిచిన పడమటి దారే ఇక నాది కూడా.

లాన్‌జౌలో ఎల్లో నది నిజంగానే బురద రంగు. 1909 నాటి ఇనుప వంతెన పక్క సందులో పొద్దున్నే నూడుల్స్ కొట్టు ముందు జనం. పిండి ముద్దను రెండు చేతులా సాగదీసి, మడిచి, బల్లకేసి కొట్టి, మళ్లీ సాగదీస్తాడు. మడిచిన ప్రతిసారీ పోగులు రెట్టింపు. సన్నవా, వెడల్పువా అని మాత్రం అడుగుతాడు. నేను చెప్పి కూర్చునేలోపు గిన్నె వచ్చేసింది.

ఆ రాత్రి ఎక్కిన బండి గోబీలోకి పోతుంది. మూడంతస్తుల బెర్తులు, తలుపుల్లేని గదులు, మన స్లీపర్ క్లాసుకి దగ్గరి చుట్టం. పదింటికి దీపాలార్పేస్తారు. పెట్టె చివర బాయిలరు రాత్రంతా ఉడుకుతూనే ఉంటుంది. కప్పు నూడుల్స్ పట్టుకుని జనం వరస కడతారు. తెల్లారి కిటికీలోంచి చూస్తే చెట్టు లేదు, గట్టు లేదు. నల్ల గులకరాళ్ల నేల దిగంతం దాకా. గంట పోయాక చూసినా అదే. మధ్యాహ్నం చూసినా అదే. ఈ నేల మీదే హుయాన్ త్సాంగ్ నీళ్లతిత్తి చేజారి మొత్తం ఒలికిపోయింది. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు చుక్క నీరు లేకుండా సాగాడంటాడు హుయిలీ. నేను బాయిలరు దగ్గర సీసా నింపుకుని వచ్చి కిటికీ పక్కన మడతసీటు మీద కూర్చున్నాను. చాలాసేపు మూత తియ్యబుద్ధి కాలేదు.

తుర్ఫాన్‌లో దిగగానే వేడి మొహాన కొడుతుంది. పక్కనున్న ఐదింగ్ సరస్సు సముద్రమట్టానికి 154 మీటర్ల కింద. ఏడాదికి వాన పదహారు మిల్లీమీటర్లు. అయినా సందుసందునా ద్రాక్ష పందిళ్లు. ఆ పచ్చదనం గుట్టు నేల కింద ఉంది. మెట్లు దిగి కారేజులోకి వెళ్లాను. పైన మండుతున్న ఊరు, కింద మనిషి వంగి నడిచేంత మట్టి సొరంగం, దాని అడుగున గలగలా పారే కాలవ. వేలు పెడితే జివ్వుమంది. దూరాన తియన్‌షాన్ కొండల మంచు కరిగిన నీరది. ఎండకు ఆవిరైపోకుండా, మోటారు లేకుండా, నేల వాలును మాత్రమే నమ్ముకుని ఊళ్లోకి తెచ్చారు. గొట్టపు బావులొచ్చాక నీటిమట్టం దిగి ఎన్నో కారేజులు ఎండిపోయాయి. మన దగ్గర గొలుసుకట్టు చెరువులకు పట్టిన గతే. కాలవ పక్కన కూర్చున్నప్పుడు నాకు వచ్చింది కోపం. తరాలు చెమటోడ్చి తవ్వినదాన్ని ఒక తరం వాడేసుకుని పోతుందా?

ఊరవతల గావోచాంగ్ శిథిలాలు. ఆ నగరపు రాజు చు వెన్‌తాయ్ హుయాన్ త్సాంగ్‌ని పోనివ్వనని పట్టుబట్టాడు. ఆయన అన్నం మానేశాడు. చివరికి, తిరుగుదారిలో మూడేళ్లుంటానని మాటిచ్చాకే కదిలాడు. ఆ మాట తీర్చే అవకాశమే రాలేదు. 640లో తాంగ్ సైన్యం ఈ రాజ్యాన్ని కలిపేసుకుంది. ఆయన వెనక్కి వచ్చేటప్పుడు దక్షిణపు దారి పట్టాడు.

కాష్గర్‌లో రాత్రి పదైనా ఎండ పోదు. దేశమంతటికీ బీజింగ్ గడియారం ఒక్కటే. సూర్యుడు దాన్ని లెక్కచెయ్యడు కాబట్టి ఇక్కడివాళ్లు రెండు గంటలు వెనక్కి పెట్టుకున్న తమ లెక్కలో బతుకుతారు. పాత ఊళ్లో చాలా భాగం 2009 తర్వాత కూల్చి కట్టిందే, గోడలు అతిగా నున్నగా ఉన్నాయి. స్టేషన్లలో, బజార్లలో తనిఖీ గేట్లు. రొట్టెల భట్టీ దగ్గర ఒక ముసలాయన నాకు బల్ల మీద చోటిచ్చి ఖర్బూజాల గురించి, ఎండల గురించి ఎంతో చెప్పాడు. అంతకుమించి ఆయన ఏదీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. అడిగి నేను వెళ్లిపోతాను, ఉండాల్సింది ఆయన.

2022 నుంచి తక్లమకాన్ ఎడారి చుట్టూ రైలు పూర్తిగా తిరుగుతోంది. ఖోతాన్‌లో ఎక్కి తూర్పుకి పోతున్నాను. హుయాన్ త్సాంగ్ ఇంటిముఖం పట్టిన దారి ఇది. పట్టాల పక్కన ఇసుకను కదలనివ్వకుండా గడ్డిని గళ్లు గళ్లుగా పాతారు, పొదలు నాటి పైపులతో తడుపుతున్నారు. గాలి మరీ ఎక్కువైన చోట్ల రైలు వంతెన మీంచి పోతుంది, ఇసుక దాని కింద నుంచి పోతుంది. పెట్టెలో ఖర్బూజా వాసన. పక్క సీటావిడ కొడుకు నా సంచి ఎత్తి చూసి, బరువుకి నోరు తెరిచి, మళ్లీ దించాడు.

చెర్చెన్ వస్తోందని అటెండరు కేకేస్తోంది. హుయాన్ త్సాంగ్ వచ్చేనాటికి ఇక్కడ కోటగోడలు ఎత్తుగా నిలబడే ఉన్నాయి, మనుషులు మాత్రం ఒక్కరూ లేరని రాసుకున్నాడు. ఇప్పుడు నడవ నిండా జనం, బస్తాలు, నిద్రలేచి ఏడుస్తున్న పిల్లలు. ఇక్కడి ఎర్ర జుజుబీ తోటలకి పేరుందని పక్క సీటావిడ చెబుతోంది. వాళ్లాయన వ్యానేసుకుని స్టేషనుకి వస్తాడట, తోట చూపించి ఊళ్లో దింపుతాడట. నా టికెట్ ఇంకా ముందుకుంది. అయినా సంచి భుజానికెత్తుకుని ఆ కుర్రాడి వెనకే దిగుతున్నాను.