పోవే కుర్రాళ్ల బ్యాండ్: వెళ్లినవాళ్లు, వచ్చినవాళ్లు

శాన్ డియేగోకి ఉత్తరాన పోవే అనే ఊరుంది. 'పల్లెలో పట్నం' అని తనకు తనే పేరు పెట్టుకున్న ఊరు. పక్కనే రాంచో బెర్నార్డో. ఇప్పుడీ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు, అందులోనూ చిప్ కంపెనీల ఇంజనీర్లు, బాగానే ఉన్నారు. నేనూ ఆ బాపతే. మేం పిల్లల్ని ట్యూషన్లకి దింపి వచ్చే ఈ వీధుల్లోనే 1992లో బ్లింక్-182 అనే రాక్ బ్యాండ్ పుట్టిందంటే మావాళ్లు "అదేంటి?" అంటారు. కాలేజీ రోజుల్లో హాస్టల్ టీవీలో ఎంటీవీ చూసినవాళ్లకి మాత్రం వెంటనే వెలుగుతుంది.

ఈ బ్యాండ్‌ మొదలైంది ఒక బహిష్కరణతో. బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి తాగి వచ్చాడని గాయకుడు టామ్ డెలాంగ్‌ని పోవే హైస్కూలు నుంచి పంపేశారు. కొన్నాళ్లు రాంచో బెర్నార్డో హైస్కూల్లో చదివాడు. అక్కడ దొరికాడు డ్రమ్మర్ స్కాట్ రేనర్. బ్యాండ్ పెట్టేనాటికి రేనర్‌కి పద్నాలుగేళ్లు. మూడోవాడు మార్క్ హోపస్, రిడ్జ్‌క్రెస్ట్ అనే ఎడారి ఊరివాడు. చెల్లెలి ద్వారా టామ్‌తో పరిచయమైంది. ఆ మొదటి రోజే మార్క్ తన ప్రతాపం చూపించడానికి వీధిదీపం స్తంభం ఎక్కాడు, దిగడంలో చీలమండలు దెబ్బతీసుకుని కర్రల సాయంతో నడిచాడు. వాళ్ల పాటల్లో ఉన్న పిల్లచేష్టలన్నిటికీ ఇదే నాంది అనుకోవచ్చు.

మొదట వాళ్ల పేరు బ్లింక్ మాత్రమే. ఐర్లండ్‌లో అదే పేరుతో ఇంకో బ్యాండ్ ఉంది, కోర్టుకెళ్తామంది. 1995లో వెనక 182 తగిలించారు. ఆ అంకెకి అర్థమేంటని అడిగినవాళ్లకల్లా వాళ్లు ఒక్కో కథ చెప్పారు. నిజానికి ఏ అర్థమూ లేదు.

శాన్ డియేగోలో సోమా అని ఒక క్లబ్బు. మందు అమ్మరు కాబట్టి హైస్కూలు పిల్లలూ వెళ్లొచ్చు. కొత్త బ్యాండ్లు ముందు 'డంజన్' అని పిలిచే చిన్న గదిలో వాయించాలి, జనం వస్తే పెద్ద హాలుకి ప్రమోషన్. బ్లింక్ అలా ఎక్కిందే. 1995లో 'చెషైర్ క్యాట్' ఆల్బమ్, తర్వాత వ్యాన్లో ఊరూరూ తిరగడం. దూరదేశాల్లో వాళ్లని ముందుగా నెత్తిన పెట్టుకున్నది ఆస్ట్రేలియా. 1996లో పెద్ద కంపెనీ ఎంసీఏతో ఒప్పందం, 1997లో 'డ్యూడ్ రాంచ్'. దాన్ని ఎన్సినిటాస్‌లో బిగ్ ఫిష్ స్టూడియోలో, మార్క్ ట్రాంబినో చేతుల మీదుగా రికార్డు చేశారు. 'డామ్‌ఇట్' పాట అందులోదే. రెండు తీగలు లేని అకౌస్టిక్ గిటార్ మీద హోపస్ కట్టిన బాణీ అది. ఉన్న తీగలతో ఎంత వస్తుందో అంతే. అందుకే గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ మొదటి నెలలోనే వాయించేయగలిగాడు.

డ్రమ్స్ గురించి నాలుగు మాటలు. నేనూ సరదాకి వాయిస్తాను, కాబట్టి నాకు పక్షపాతం ఉంటుంది. రేనర్ మెటల్ సంగీతం మీద పెరిగినవాడు. కిక్కూ స్నేరూ ఒకదాన్నొకటి తరుముతుంటాయి. అలంకారాలు తక్కువ, ఊపిరాడనివ్వని వేగం. 1998 టూర్‌లో అతను లేని కొన్ని కచేరీలకి, వెంట వచ్చిన అక్వాబ్యాట్స్ బ్యాండ్ డ్రమ్మర్ ట్రావిస్ బార్కర్ కూర్చున్నాడు. ఇరవై పాటలు ముప్పావుగంటలో నేర్చుకుని స్టేజీ ఎక్కాడని చెప్పుకుంటారు. ఆ ఏడాదే రేనర్‌ని తప్పించారు. తాగుడు కారణమన్నారు. నలుగురూ తాగే చోట ఒకడి తాగుడే లెక్కకొచ్చిందేమో, నాకా అనుమానం పోలేదు.

బార్కర్ హైస్కూలు మార్చింగ్ బ్యాండ్‌లో స్నేర్ వాయించి తేలినవాడు. ఖాళీ కనిపిస్తే రోల్స్‌తో నింపేస్తాడు. మామూలు పాట కూడా అతని చేతిలో నడక మార్చుకుంటుంది. 1999 జూన్‌లో వచ్చిన 'ఎనిమా ఆఫ్ ది స్టేట్' ప్రపంచమంతా కోటికి పైగా అమ్ముడుపోయింది. నిర్మాత జెర్రీ ఫిన్ గిటార్లని పాలిష్ పెట్టినట్టు నునుపు చేశాడు. 'ఆల్ ది స్మాల్ థింగ్స్' వీడియోలో బాయ్ బ్యాండ్లని వెక్కిరించారు. ఆ వీడియో పుణ్యమా అని ఆ బాయ్ బ్యాండ్ల వరసలోనే టీవీలో వీళ్లూ చేరారు! 2001 ఆల్బమ్ నేరుగా బిల్‌బోర్డ్ మొదటి స్థానంలోకి దిగింది.

చీలిక మాత్రం చిన్న పొదుపు దగ్గర మొదలైంది. 2001లో డెలాంగ్ బాక్స్ కార్ రేసర్ అని ఒక పక్క ప్రాజెక్టు పెట్టుకున్నాడు. స్టూడియో డ్రమ్మర్‌కి డబ్బులివ్వడం ఎందుకని బార్కర్‌ని పిలిచాడు. ముగ్గురిలో ఇద్దరు వెళ్తే మూడోవాడికి ఏమనిపిస్తుంది? హోపస్ దాన్ని ద్రోహంగానే తీసుకున్నాడు. 2003లో మంచి ఆల్బమ్ చేసినా ఆ పుండు మానలేదు. 2004 డిసెంబరులో సునామీ మా బందరు దగ్గరి మంగినపూడి బీచ్ దాకా వచ్చి మనుషుల్ని లాక్కెళ్లింది. ఆ బాధితుల కోసం కాలిఫోర్నియాలో పెట్టిన సహాయ కచేరీలో వీళ్లూ వాయించాల్సింది. రిహార్సల్స్ నాటికే గొడవ ముదిరి కచేరీ మానుకున్నారు. 2005 ఫిబ్రవరిలో 'నిరవధిక విరామం' అని ప్రకటించారు. డెలాంగ్ ఏంజెల్స్ అండ్ ఎయిర్‌వేవ్స్ అనే బ్యాండ్ పెట్టుకున్నాడు, మిగతా ఇద్దరూ ప్లస్ 44.

మళ్లీ కలిపింది ప్రమాదం. 2008 సెప్టెంబరులో సౌత్ కరోలినాలో బార్కర్ ఎక్కిన చిన్న విమానం టేకాఫ్‌లోనే కూలింది. నలుగురు చనిపోయారు, అతను తీవ్రంగా కాలిపోయి బతికాడు. అంతకు నెల ముందే జెర్రీ ఫిన్ పోయాడు. 2009 గ్రామీ వేదిక మీద ముగ్గురూ కలిసి కనిపించారు. 2011 ఆల్బమ్‌ని చాలావరకు వేర్వేరు స్టూడియోల్లో ఎవరికి వాళ్లు రికార్డు చేశారు. అది వింటే తెలిసిపోతుంది కూడా. 2015లో డెలాంగ్ మళ్లీ వెళ్లిపోయాడు. అతని ధ్యాస ఆకాశంలో ఎగిరే గుర్తు తెలియని వస్తువుల మీదకి మళ్లింది. 2017లో అందుకోసం ఏకంగా కంపెనీయే పెట్టాడు.

అతని చోట్లోకి ఆల్కలైన్ ట్రయో గాయకుడు మాట్ స్కిబా వచ్చాడు. మా బందరు వైపు పద్యనాటకాల్లో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని నటులు మారతారు. జనం పేచీ పెట్టరు, పద్యం బాగుంటే వన్స్‌మోర్ అంటారు. స్కిబాకి ఆ భాగ్యం సగమే దక్కింది. 2016లో 'కాలిఫోర్నియా' ఆల్బమ్ డ్రేక్‌ని దించి మొదటి స్థానం కొట్టింది, గ్రామీ నామినేషనూ వచ్చింది. అయినా డెలాంగ్ ముక్కుతో సాగదీసే ఆ గొంతు కోసమే అభిమానులు చూస్తూ కూర్చున్నారు. స్కిబా మంచి గాయకుడు. హోపస్‌తో పోట్లాడే గొంతు మాత్రం కాదు. ఆ రెండు గొంతుల కీచులాటే ఈ బ్యాండ్ అని నా అభిప్రాయం.

2021లో హోపస్‌కి నాలుగో దశ లింఫోమా. ఆ కబురుతోనే పాత స్నేహితుల మాటలు మళ్లీ కలిశాయి. ఆ ఏడాదే జబ్బు తగ్గింది. 2022 అక్టోబరులో డెలాంగ్ తిరిగొచ్చాడు, 2023లో 'వన్ మోర్ టైమ్' మళ్లీ మొదటి స్థానానికి వెళ్లింది.

రెండు పునఃకలయికల్లోనూ రేనర్ లేడు. అభిమానులు 'అసలు ముగ్గురు' అంటే బార్కర్‌తో కలిపి లెక్కపెడతారు. అది తప్పు లెక్క. కొత్తగా వినాలనుకునేవాళ్లు 1999 దగ్గర మొదలుపెట్టకండి. ముందు 'డ్యూడ్ రాంచ్' వినండి. అందులో డ్రమ్స్ వాయించింది స్కాట్ రేనర్, అప్పటికి ఇంకా ఇరవై నిండనివాడు.