కంచం మారింది, చేను మారింది

జహీరాబాద్ ఉన్నచోటే ఉంది, జిల్లాలే మూడు మారాయి. 1956 దాకా బీదర్, తర్వాత మెదక్, 2016 నుంచి సంగారెడ్డి. కాగితం మీది గీతలు ఎన్ని మారినా కాళ్ల కింది నేల మారలేదు. బీదర్ పీఠభూమి అంచున పరుచుకున్న ఎర్ర నేల ఇది. నీళ్లు నిలవవు, బలం తక్కువ, బతుకంతా వాన మీదే. ఏ నేలలో, ఏ ఎండావానల్లో ఏవి కలిసి బతుకుతాయో చెప్పే పెద్ద విభాగాన్ని శాస్త్రం బయోమ్ అంటుంది. ఆ లెక్కన దక్కనులోని ఈ భాగం ఉష్ణమండల పొడి సీమ. ఎండాకాలం ఆకు రాల్చే మోదుగ లాంటి చెట్లూ, వాన పడగానే లేచే గడ్డీ దాని గుర్తులు. రెవెన్యూ దస్తరం ఇలాంటి నేలల్లో చాలావాటికి బంజరు అని పేరు రాసి ఊరుకుంది.

దస్తరం సంగతి అలా ఉంచితే, 1866లో జర్మనీలో హెకెల్ అనే శాస్త్రవేత్త జీవావరణ శాస్త్రానికి పేరు పెట్టాడు. 1935లో ఇంగ్లండులో టాన్స్‌లీ, ప్రాణులనూ వాటి చుట్టూ ఉన్న మట్టి, నీరు, గాలినీ కలిపి ఒకే వ్యవస్థగా చూడాలంటూ ఎకోసిస్టమ్ అనే మాట తెచ్చాడు. ఆ మాట ఈ పల్లెలకు చేరలేదు. అన్నిటినీ కలిపి చూసి విత్తే పద్ధతి మాత్రం ఇక్కడ అప్పటికే ఉంది.

అలా విత్తిన చేను ఒకటి దగ్గరగా చూద్దాం. కొన్ని సాళ్లు పచ్చజొన్న, ఒక సాలు కంది, నడుమ సజ్జ, కొర్ర, పెసర, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, గట్టు వెంట పుంటికూర. పది పన్నెండు పంటలు ఒకే చెలకలో. జొన్న వేరు పైపైన తడి వెతుక్కుంటుంది, కంది వేరు లోతుకు దిగుతుంది. ఒకే నీటి కోసం రెండూ కొట్లాడుకోవు. కంది, పెసర వేళ్ల బుడిపెల్లో కాపురముండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది, బదులుగా చక్కెర తీసుకుంటుంది. ఇద్దరికీ లాభమైన పొత్తు ఇది. బొబ్బర్ల తీగ నేలను కప్పి తడి ఆరనివ్వదు. జొన్న గింజ కోసం వచ్చిన పిట్ట కంది కాయను తొలిచే పురుగును కూడా ఏరుకుంటుంది. అన్నీ స్నేహాలే అనుకోవద్దు. జొన్న వేరుకు తన వేరు తగిలించి పైరును పీల్చే మల్లె అనే కలుపు కూడా ఆ చేలోనే మొలుస్తుంది. చేనంతా ఒకే పంటైతే దానికి అడ్డే లేదు.

ఇక చేలో ఎవరూ విత్తకుండా మొలిచేవి: పాయలకూర, తుమ్మికూర, గునుగు. మందు అమ్మేవాడికి అవి కలుపు, కలుపు తీసే ఆడమనిషికి ఆ పూట కూర. యాసంగిలో వేసే శనగ, కుసుమ, అవిసెలకు ఇక్కడి ఆడవాళ్లు పెట్టుకున్న పేరు సత్యం పంటలు. వాన లేకున్నా మంచుకే పండి మాట నిలబెట్టుకుంటాయని ఆ పేరు.

ఈ అల్లికను చెదరగొట్టింది కరువు కాదు, కడుపు నింపిన పథకం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఆకలి తీరిందన్నది కాదనలేని నిజం. కానీ కంచంలోకి వరి అన్నం రాగానే జొన్నరొట్టె, గటక పేదరికానికి గుర్తులయ్యాయి. తినేవాళ్లు లేని పంటను ఎవరు వేస్తారు? జొన్న పోతే దాని పక్కనున్న కంది, బొబ్బర్లు, చొప్ప మేసే ఎద్దు, ఆ ఎద్దు ఇచ్చే ఎరువు ఒకదాని వెంట ఒకటి పలచబడ్డాయి. కొన్ని చెలకలు బీళ్లయ్యాయి, కొన్ని చెరకుకూ పత్తికీ పోయాయి. ఆహారపు గొలుసులో ఒక కొక్కెం ఊడితే ఏమవుతుందో ఈ ఊళ్లు ఒక్క తరంలో చూశాయి.

అదే 1983లో జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ దాని స్థాపకుల్లో ఒకరు. నడిపించినవాళ్లు మాత్రం సంఘాల్లో చేరిన దళిత మహిళలు, కొద్దిపాటి భూమి ఉన్నవాళ్లు. 1990ల నడుమ వాళ్లు బీళ్లను సాగులోకి తెచ్చారు. అందుకు తీసుకున్న అప్పును జొన్నల రూపంలో తీర్చి, ఆ జొన్నల్ని ఊళ్లోనే నిల్వచేసి, కరువు నెలల్లో తక్కువ ధరకు పేదలకు పంచారు. ఊరి గింజతో ఊరే నడుపుకున్న రేషన్ అది. బూడిద, వేపాకు కలిపి, ఎర్రమట్టి అలికిన బుట్టల్లో విత్తనం దాచారు. ఆ విత్తనాలే రెండు దశాబ్దాలకు పైగా ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్లెక్కి పాత పంటల జాతరగా ఊరూరా తిరుగుతున్నాయి. 2008 అక్టోబర్ 15న మాచనూరులో వాళ్ల సంగం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సొసైటీకి ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. ప్రపంచం చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంటున్న 2023లోనే, మార్చిలో, సతీష్ కన్నుమూశారు.

కథ అక్కడ సుఖాంతం కాలేదు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో దాదాపు 12,600 ఎకరాల్లో పారిశ్రామిక జోన్ తలపెట్టారు. పట్నంలో చిరుధాన్యాలు ఖరీదైన పొట్లాలయ్యాయి. పండించిన ఇంట్లో పిల్లలు మాత్రం రేషన్ అన్నమే తింటున్నారు. 2013 ఆహార భద్రతా చట్టం అప్పట్లో కిలో బియ్యానికి మూడు రూపాయలు, గోధుమలకు రెండు, జొన్న సజ్జలకు ఒక్క రూపాయి అని ధర రాసింది. తెలంగాణ రేషన్ దుకాణంలో మాత్రం ప్రధానంగా బియ్యమే. 2025 ఉగాది నుంచి అది సన్నబియ్యం.

నలభై ఏళ్లు వెనక్కి తిరిగి చూస్తే చేనును మార్చింది విత్తనం కాదు, కంచం. రెండు రూపాయల బియ్యం బస్తా దిగిన దుకాణం ముందే జొన్న బస్తా కూడా దిగిన రోజున, కంది సాలు పక్కన జొన్న సాలు వేయమని ఎవరూ చెప్పనక్కర్లేదు.