కష్తీ ఎక్కేముందు: మోటుపల్లి నుంచి కచ్చులూరు దాకా



ఈసారి సెలవులకు మా ఖాలా ఖాందాన్ అంతా అండమాన్ పోదామని అనుకుంటున్నారు. మొన్న జుమా రోజు హన్మకొండలో వాళ్లింట్లో దావత్. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక ఖాలా కొడుకు ఫోన్ ముందుకు జరిపి ఒక వీడియో చూపించాడు. నీలం రంగు నీళ్లు, పెద్ద బోటు, దాని మీద డీజే పాటలు. నోట్లో గొట్టం, కళ్లకు అద్దాలు పెట్టుకుని నీళ్ల మీద బోర్లా తేలుతున్న జనం. "భాయ్‌జాన్, మీరు అఖ్బార్‌లో పనిచేస్తరు గదా, ఈ స్నార్కెలింగ్ ఎట్లుంటది? అమ్మీని, పిల్లల్ని తీస్కపోవచ్చునా?" అని అడిగాడు.

ఖాలా పక్కనే కూర్చుని తస్బీహ్ తిప్పుతోంది. తల ఎత్తకుండానే అంది: "కడిపికొండోళ్లు గూడ గిట్లనే ఖుషీగ పోయిన్రు బేటా."

గదిలో ఇంకెవరూ మాట్లాడలేదు. నేనూ అప్పుడు జవాబివ్వలేదు. కొడుకు అడిగింది మజా గురించి, తల్లి భయం జాన్ గురించి. ఇంటికొచ్చి ఆలోచిస్తే రెండింటికీ జవాబు ఒకే చోట ఉందనిపించింది. అది నీళ్లలో లేదు, మనల్ని నీళ్ల మీదికి తీసుకెళ్లేవాడి జిమ్మేదారీలో ఉంది. ఈ మాటకు మన ఓరుగల్లులోనే పాత తారీఖ్ ఉంది.

ఓరుగల్లు రాజు ఇచ్చిన అమాన్

వరంగల్‌కు సముద్రం లేదు. మనకున్నవి చెరువులు: పాఖాల, రామప్ప, లక్నవరం, ఊళ్లోనే భద్రకాళి. అన్నీ కాకతీయుల యాదగార్‌లే. నేను ఉర్దూ మీడియం బడిలో చదివినప్పుడు మా తారీఖ్ కితాబులో వరంగల్ అంటే ముహాసరానే. 1310లో మలిక్ కాఫూర్, 1323లో ఉలుగ్ ఖాన్, ఆ తర్వాత ఊరి పేరు సుల్తాన్‌పూర్. కోట గోడ బయట ఫౌజ్, లోపల రాజు. అంతే కథ. డిగ్రీలో తెలుగు తీసుకున్నాకే మోటుపల్లి శాసనం గురించి విన్నాను.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. కాకతీయుల కాలంలో పెద్ద బందర్. 1244-45లో గణపతిదేవుడు అక్కడ వేయించిన శాసనాన్ని తెలుగులో అభయ శాసనం అంటారు. ఉర్దూలో చెప్పాలంటే అమాన్‌నామా. దాని సారాంశం ఇది: ఇంతకుముందు రాజులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల మాల్ అంతా, అంటే బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, జబర్దస్తీగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే తాజిర్‌ల మీద రహమ్‌తో మేము ఆ పని మానుకుంటున్నాం. ముందే ఖరారు చేసిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం.

ఆ సుంకం కూడా దాచిపెట్టలేదు. ఏ సరుకు మీద ఎంతో రాతి మీద చెక్కించాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, మిరియాలు, పట్టు ఆ జాబితాలో ఉన్నాయి. వందేళ్ల తర్వాత, 1358లో, కొండవీటి అనవోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు. మొదటి వాదా ఇచ్చిన రాజ్యం అప్పటికి లేదు. వాదా అవసరం మాత్రం మిగిలే ఉంది.

ఫిఖ్‌లో ముస్తామిన్ అనే మాట ఉంది. అమాన్ పొంది పరాయి రాజ్యంలోకి వచ్చినవాడు అని అర్థం. వాడి జాన్‌కూ మాల్‌కూ అమాన్ ఇచ్చినవాడిదే జిమ్మా. గణపతిదేవుడికి ఫిఖ్ తెలియనక్కర్లేదు. కానీ ఆయన రాతి మీద చెక్కించిన మాట, మన ఉలమా కితాబుల్లో రాసిన మాట ఒక్క చోటికే వస్తాయి. నీళ్ల మీద ఉన్న ముసాఫిర్ కమ్జోర్. దారీ వాడి చేతిలో లేదు, గాలీ వాడి చేతిలో లేదు. వాడి కమ్జోరీని లాభంగా మార్చుకోకపోవడమే ఇన్సాఫ్.

తాడు పట్టుకున్నవాడు

ఆ జాబితాలో ముత్యాలు, పగడాలు ఉన్నాయి చూశారా? మోతీ, మర్జాన్. సూరా రహ్మాన్ చదివే ప్రతి ఇంట్లో ఈ జంట పేర్లు తెలుసు. ఈ రోజు టూరిస్టులు గొట్టం పెట్టుకుని చూడటానికి పోయేది ఆ మర్జాన్‌నే. వెనకటి రోజుల్లో రోటీ కోసం మోతీలు వెతుక్కుంటూ నీళ్లలోకి దిగేవాళ్లు.

హైదరాబాద్ బజార్లలో అమ్మిన బస్రా మోతీ ఖలీజ్ సముద్రం నుంచి వచ్చేది. అక్కడ మునిగేవాడిని గైస్ అనేవారు. ముక్కుకు బిగింపు, కాలికి రాయి, నడుముకో చేతికో తాడు. ఆ తాడు రెండో కొస పట్టుకుని పడవ మీద నిలబడేవాడు సైబ్. కింద మనిషి తాడు లాగగానే పైనున్నవాడు లాగాలి. ఒక్క క్షణం గఫ్లత్ అయితే కిందివాడి దమ్ ఆగిపోతుంది. పడవ మీద పాటలు కూడా ఉండేవి. నహ్హామ్ అనే గాయకుడిని ప్రత్యేకంగా తీసుకెళ్లేవారు. అతని పాటకు అందరూ గొంతు కలిపి తెడ్లు వేసేవారు, తాళ్లు లాగేవారు. నీళ్ల మీద పాట డీజేతో పుట్టింది కాదు. అయితే ఆ పాట పనికి తాళం వేసేది, తాడు మీది ధ్యాసను తప్పించేది కాదు.

పడవకు పెద్ద నాఖుదా. ఫారసీలో నావకు ఖుదా, అంటే నావకు మాలిక్. అతనూ ఎప్పుడూ ఫరిష్తా కాదు. గైస్‌లను అప్పుల్లో ముంచి ఏళ్లకేళ్లు కట్టిపడేసిన నాఖుదాలు చాలామంది ఉన్నారు. 1930ల్లో ప్రపంచ మందగమనం, జపాన్ పెంపకపు ముత్యాలు కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. తర్వాత అదే తీరంలో నూనె దొరికింది. మన జిల్లాల అబ్బాయిలు ఆ తీరానికే నౌకరీలకు పోయారు.

నాఖుదా పారిపోయిన రోజు

మన బుజుర్గుల్లో చాలామంది హజ్‌కు ఓడ మీద పోయినవాళ్లే. కాజీపేటలో రైలెక్కి బొంబాయి, అక్కణ్నుంచి జిద్దా. మన దేశం నుంచి హజ్ ఓడలు 1995లో ఆగిపోయాయి. నా చిన్నప్పుడు హాజీని సాగనంపుతూ జనం ఏడ్చేవారు. ఎందుకు ఏడుస్తారో అర్థమయ్యేది కాదు. సముద్రం సంగతి తెలిసినవాళ్ల ఏడుపు అది.

1880 జూలైలో సింగపూర్ నుంచి, పెనాంగ్ మీదుగా, ఎస్ఎస్ జెద్దా అనే ఓడ 900 మందికి పైగా హాజీలతో బయల్దేరింది. మర్దులు, ఔరతులు, పిల్లలు. ఆగస్టులో దారిలో తుఫాను వచ్చింది, బాయిలర్లు కదిలాయి, లోపలికి నీళ్లు చేరాయి. హాజీలు బకెట్లతో నీళ్లు తోడుతుండగా కెప్టెన్, అతని బీవీ, అఫ్సర్లు చిన్న పడవలో దిగి వెళ్లిపోయారు. ఇంకో ఓడ వాళ్లను ఎక్కించుకుని ఆదెన్ చేర్చింది. మా ఓడ మునిగిపోయిందని వాళ్లక్కడ చెప్పారు. మరుసటి రోజే జెద్దా ఆదెన్ రేవులోకి వచ్చింది. యాంటెనార్ అనే ఓడ దాన్ని లాక్కొచ్చింది. మీద హాజీలు సలామత్‌గా ఉన్నారు. విచారణలో ఆ కెప్టెన్‌కు పడిన సజా: మూడేళ్ల పాటు సర్టిఫికెట్ రద్దు. జోసెఫ్ కాన్రాడ్ 1900లో అచ్చువేసిన 'లార్డ్ జిమ్' నవలకు ఈ సంఘటనే మూలం. కానీ ఆ నవల పారిపోయిన అఫ్సర్ మనసులోని బాధ గురించి. బకెట్లు పట్టుకున్న హాజీల గురించి కాదు.

మన గోదావరి

ఇప్పుడు ఖాలా అన్న మాటకొస్తాను. 2019 సెప్టెంబర్ 15, ఇత్వార్. పాపికొండలు చూడటానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది బతికారు, 51 మంది పోయారు. మన కాజీపేట పక్కన కడిపికొండ నుంచి 14 మంది పోతే అయిదుగురే తిరిగొచ్చారు.

ఆ రోజు గోదావరిలో వరద అయిదు లక్షల క్యూసెక్కుల దాకా ఉంది. కచ్చులూరు మలుపు ఖతర్‌నాక్ అని ఆ నది మీద బతికేవాళ్లందరికీ తెలుసు. ఉక్కగా ఉందని చాలామంది లైఫ్ జాకెట్లు విప్పేశారని బతికినవాళ్లు చెప్పారు. కింది అంతస్తు మూసి ఉన్న ఏసీ గది. అందులో ఉన్నవాళ్లకు బయటికి దారి దొరకలేదు. బతికినవాళ్లలో చాలామందిని కాపాడింది పక్క ఊరి గిరిజనులు, తమ చిన్న పడవల్లో వచ్చి. ధర్మాడి సత్యం బృందం ఆ బోటును పైకి తీసేసరికి అక్టోబర్ 22 అయింది. 38 రోజులు.

ఇంకో తేదీ కూడా మనం గుర్తుంచుకోవాలి. 2023 మే 7, కేరళ మలప్పురం జిల్లా తానూర్. అది కూడా ఇత్వారే, పిల్లలకు సెలవులు. చేపల పడవను మార్చి చేసిన టూరిస్టు బోటు, మోయగలిగిన దానికంటే ఎక్కువ మంది. 22 మంది చనిపోయారు, అందులో 15 మంది పిల్లలు. ఒకే ముస్లిం ఖాందాన్‌లో 11 మంది.

నీళ్లలో మునిగి పోయినవాళ్లకు షహీద్ దర్జా ఉందని హదీస్ చెబుతుంది. జనాజా దగ్గర ఆ మాట ఎంత తసల్లీ ఇస్తుందో నేను చూశాను. కానీ అది మయ్యిత్ ఇంటివాళ్ల కోసం ఉన్న మాట. బోటు నడిపేవాడికి మాఫీనామా కాదు. "తఖ్దీర్" అని మనమే అనేస్తే, అడగాల్సినవాళ్లను అడిగేవాళ్లు ఉండరు.

మరి పోవచ్చునా?

పోవచ్చు బేటా. చూడదగ్గ చోటే. స్నార్కెలింగ్‌లో ఏముంటుందో నాకు తెలిసింది చెబుతాను.

జెట్టీ నుంచి బోటు మీద కొంత ప్రయాణం. పొద్దున బరువైన నాష్తా వద్దు, కడుపులో తిప్పుతుంది. అక్కడికి చేరాక ఇంజిన్ పూర్తిగా ఆగేదాకా ఎవరూ నీళ్లలోకి దిగకూడదు, కింద పంకా తిరుగుతుంటుంది. అద్దాల మాస్కు ముక్కును మూసేస్తుంది. దమ్ నోటితోనే తీయాలి. మొదటి రెండు నిమిషాలు అందరికీ ఘబ్రాహట్ వస్తుంది. మోకాళ్ల లోతులో నిలబడి, ముఖం ముంచి అలవాటు చేసుకుంటే పోతుంది. గొట్టంలోకి నీళ్లొస్తే గట్టిగా ఊదెయ్యాలి, లేదంటే తల ఎత్తాలి. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ వేసుకుని, గైడ్ పట్టుకున్న రింగును వదలకుండా చూడొచ్చు.

మన ఇళ్లలో ఎవరూ చెప్పని సంగతులు రెండు. గడ్డం, మీసం ఉన్నవాళ్లకు మాస్కు సరిగా అతుక్కోదు, నీళ్లు కారతాయి. పెదవి పైన కొంచెం వాజిలీన్ రాస్తే కాస్త తగ్గుతుంది. ఔరతులు మామూలు బుర్ఖాతోనో, బరువైన దుపట్టాతోనో లోతులోకి దిగొద్దు. తడిసిన గుడ్డ కిందికి లాగుతుంది, కాళ్లకు చుట్టుకుంటుంది. ఒళ్లంతా కప్పే ఈత లిబాస్ ఇప్పుడు దొరుకుతోంది. తలకు కట్టుకున్న గుడ్డ అంచు మాస్కు రబ్బరు కిందికి పోకుండా చూసుకోవాలి. పర్దాకూ జాన్‌కూ రెండింటికీ అదే మంచిది. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌ను అడగాలి. నమాజ్ వేళ బోటు మీదే అయితే, ఊగుతున్నప్పుడు నిలబడలేనివాళ్లు కూర్చుని చదవచ్చని ఉలమా చెబుతారు.

మర్జాన్ రాయిలా కనిపిస్తుంది గానీ అది జీవి. తాకకూడదు, మీద నిలబడకూడదు. యాదగార్ అని ముక్క విరిచి తెచ్చుకుంటే కానూన్ ప్రకారం జుర్మ్.

పార్టీ బోటు అంటే డీజే, చాలాచోట్ల షరాబ్ కూడా. మన దీన్ సంగతి పక్కన పెట్టినా, తాగినవాడు నీళ్లలోకి దిగడం ఖుద్‌కుషీ లాంటిదే. టికెట్ తీసుకునేముందే అడగండి: ఎంతమంది ఎక్కడానికి అనుమతి ఉంది, ఇప్పుడు ఎంతమంది ఎక్కుతున్నారు? పిల్లల సైజు జాకెట్లు ఉన్నాయా? వాతావరణ హెచ్చరిక ఏమైనా ఉందా? మనం నీళ్లలో ఉన్నంతసేపూ బోటు మీద నిలబడి తలలు లెక్కపెట్టేవాడు ఎవరు? అంటే, ఈ పడవ మీద సైబ్ ఎవరు? జవాబివ్వకుండా నవ్వేస్తే, పైసల్ పోయినా సరే దిగిపోండి.

మన దేశంలో నదులు, చెరువుల మీద తిరిగే పడవలకు 2021లో కొత్త చట్టం వచ్చింది. 1917 నాటి దాని స్థానంలో. రిజిస్ట్రేషన్, తనిఖీ సర్టిఫికెట్, ప్రాణరక్షణ సామాన్ తప్పనిసరి. లక్నవరంలో ఎక్కినా, పాపికొండలకు పోయినా ఆ కాగితం అడగడం మన హక్. గణపతిదేవుడు తన వాదాను రాతి మీద చెక్కించి బందర్‌లో అందరికీ కనబడేలా నిలబెట్టాడు. బోటు వాడు తన సర్టిఫికెట్‌ను అందరికీ కనబడేలా తగిలించడానికి ఎందుకు సిగ్గుపడాలి?

ఒంటె కాలికి తాడు కట్టి, ఆ తర్వాత అల్లాహ్ మీద తవక్కుల్ చేయమన్నారు మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం. కష్తీలో ఎక్కేటప్పుడు నూహ్ అలైహిస్సలాం దుఆ చదువుతాం. ఆయన కూడా దుఆకు ముందు ఓడ గట్టిగా కట్టారు.

నిన్న ఖాలాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు విని, చివరికి ఒకటే అడిగింది: "నా సైజు జాకెట్ గూడ దొరుకుతదా?"

కొడుకును అడగమన్నాను. అడిగి చెబుతానన్నాడు.